అంగడి అమరికలోనే కాపలా

అంగడిలో వస్తువులు పోయే తీరుకు ఒక పద్ధతి ఉంటుంది. చొక్కా జేబులోని సెల్‌ఫోన్, చేసంచిలో పైపైన పెట్టిన పర్సు, మెడలోని గొలుసు అంగడి అంతటా ఒకే తీరున పోవు. దారి ఇరుకైన చోట, రెండు వరసలు కలిసే మూలన, వెలుతురు అందని చివర, ఆటోలు అడ్డదిడ్డంగా ఆగే మలుపు దగ్గర ఎక్కువగా పోతాయి. దొంగకు ఆ చోట్లు అనుకూలించడానికి కారణాలున్నాయి. ఒరుసుకుంటూ నడిచినా అక్కడ ఎవరూ అనుమానించరు. చేతి కదలిక ఎవరి కంటా పడదు. రెండడుగులు వేస్తే జనంలో కలిసిపోవచ్చు. ఈ అనుకూలతలను ఒక్కొక్కటిగా తీసేసేలా దారులు, దీపాలు, గద్దెలు, గేట్లు అమర్చడాన్నే పరిసరాల రూపకల్పన ద్వారా నేర నివారణ అంటారు. నగర ప్రణాళికలోనూ పోలీసు శిక్షణలోనూ దీనికి సెప్టెడ్ అనే పొట్టిపేరు స్థిరపడింది.

ఈ ఆలోచన అమెరికాలో 1960లలో మొదలైంది. వీధి వైపు తెరుచుకున్న దుకాణాలు, అరుగుల మీద కూర్చున్న మనుషులే వీధికి అసలు కాపలా అని జేన్ జేకబ్స్ 1961లో వెలువడిన తన పుస్తకంలో వాదించారు. సెప్టెడ్ పూర్తి పేరును సి. రే జెఫరీ 1971లో పుస్తక శీర్షికగా పెట్టారు. మరుసటి ఏడాదే వాస్తుశిల్పి ఆస్కార్ న్యూమన్, ఎవరి చోటు ఎక్కడిదాకానో స్పష్టంగా తెలిసే ఆవరణలో మనుషులు దాన్ని తమదిగా కాచుకుంటారని చెప్పారు. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదంతా సూటిగా కుదించి చెప్పారు: నేరం చేయాలనుకునే మనిషి, చేతికందే వస్తువు, అడ్డుకునేవాళ్లు లేకపోవడం – ఈ మూడూ ఒకే చోట, ఒకే సమయానికి కలిస్తే నేరం జరుగుతుంది. మనిషి బుద్ధిని మార్చడం పోలీసుల వల్లనో అంగడి నిర్వాహకుల వల్లనో అయ్యే పని కాదు. మిగతా రెండింటినీ మార్చడం మాత్రం తాపీమేస్త్రీ, కరెంటు మేస్త్రీ చేతుల్లో ఉన్న పని.

ఈ ఆలోచన హైదరాబాద్ అంగళ్లకు ఎంత అవసరమో చూడండి. ఇక్కడ జూబ్లీహిల్స్ అనగానే ఎత్తైన ప్రహరీలు, స్టూడియోలు, రోడ్డు నంబర్ 36 మీది షోరూములు గుర్తొస్తాయి. ఆ గుట్టల మీది ఇళ్లలోనూ స్టూడియోల్లోనూ పనిచేసే జనం చాలావరకు ఉండేది కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ, రహ్మత్‌నగర్, బోరబండల్లో, ఫిల్మ్‌నగర్ బస్తీల్లో. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, సెట్ వడ్రంగులు, డ్రైవర్లు, ఇంటిపనులకు వెళ్లే ఆడవాళ్లు కూరగాయలు కొనేది బస్తీ రోడ్డు మీది తోపుడు బండ్ల దగ్గర, వారానికోసారి వెలిసే అంగడిలో, ఎర్రగడ్డ రైతుబజారులో. సినిమా పనికి వేళాపాళా ఉండదు. తెల్లారకముందే షూటింగ్ బండ్ల కోసం జనం కృష్ణానగర్‌లో గుమిగూడతారు, టిఫిన్ బండ్లు అప్పటికే పొగలు కక్కుతుంటాయి. ప్యాకప్ అయ్యాక వచ్చేవాళ్లు చీకటి పడ్డాకే సంచి పట్టుకుని బయల్దేరతారు. అంటే ఇక్కడి అంగళ్లకు జనం ఎక్కువగా వచ్చే వేళ, వెలుతురు బాగా తక్కువగా ఉండే వేళ ఒకటే. జేబులో ఆ రోజు కూలీ ఉండేది కూడా అప్పుడే.

అంగడి భద్రతలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది దారి వెడల్పు. దీనికి ప్రపంచమంతా చెప్పుకునే రుజువు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరం నుంచి వచ్చింది. ఆ నగరం నడిబొడ్డున బుల్ రింగ్ ప్రాంతంలో పాతకాలం నుంచీ ఉన్న అంగళ్లలో, కొనడానికి వచ్చిన ఆడవాళ్ల సంచుల్లోంచి పర్సులు పోతుండేవి. బారీ పోయ్‌నర్, బారీ వెబ్ అనే పరిశోధకులు 1980లలో ఆ దొంగతనాలను పరిశీలించారు. బల్లల మధ్య సందు సుమారు 2 మీటర్లే ఉన్న చోట జనం ఒకరినొకరు తోసుకుంటూ నడవాల్సి వస్తోంది. ఆ ఒత్తిడిలో సంచిలోకి చెయ్యి వెళ్లినా తెలియడం లేదు. తర్వాత అంగడిని సవరించినప్పుడు సందులను సుమారు 3 మీటర్లకు పెంచారు, దీపాలు మెరుగుపరిచారు. సంచుల్లోంచి పర్సులు పోవడం సుమారు 70 శాతం తగ్గింది. అదనంగా కానిస్టేబుళ్లను పెట్టడం వల్ల వచ్చిన ఫలితం కాదిది. ఒక్క మీటరు ఖాళీ చోటు, నాలుగు మంచి దీపాలు ఇంత చేశాయి.

ఆ 3 మీటర్ల లెక్క బర్మింగ్‌హామ్‌కే పరిమితం కాదు, బోరబండలో కొలిచినా దాదాపు అంతే వస్తుంది. టమాటాలు ఏరుతూ వంగిన మనిషి, చేతిలో సంచితో కలిపి, దారిలోకి రెండున్నర అడుగులు చొచ్చుకొస్తారు. రెండు పక్కలా అలాగే ఉంటారు కాబట్టి ఐదడుగులు పోయినట్టే. వచ్చేవాళ్లకు, పోయేవాళ్లకు తలా రెండున్నర అడుగులు కావాలి. మొత్తం పదడుగులు. అంతకన్నా తగ్గిన ప్రతి అడుగూ మనుషుల ఒళ్లు ఒకరికొకరు తగిలేలా చేస్తుంది. జేబుదొంగకు కావలసింది అదే. ఆడవాళ్లను తాకుతూ పోయే పోకిరీలకూ అదే సాకు. హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు మఫ్టీలో రద్దీ చోట్ల తిరుగుతూ అలాంటివాళ్లను పట్టుకుంటున్నాయి. ఆ పోకిరీకి దొరికే సాకునే తీసేసే పని దారి వెడల్పుది.

చిక్కేమిటంటే, పొద్దున పదడుగులున్న దారి సాయంత్రానికి ఆరడుగులవుతుంది. బేరం పెరిగేకొద్దీ ఒకరు గంపను జానెడు ముందుకు జరుపుతారు. పక్కవాళ్ల సరుకు దాని వెనక పడిపోతుంది గనుక వాళ్లూ జరుపుతారు. ఎదుటి వరస కూడా ఊరుకోదు. ఇందులో ఎవరి అత్యాశా లేదు, అందరికీ సరుకు కనపడాలనే తాపత్రయమే. దీనికి మందు చాలా చవకైనది: రోడ్డు మీద రెండు వైపులా చెరిగిపోని రంగుతో ఒక గీత, ప్రతి చోటుకూ ఒక నంబరు. గీత ఉంటే పక్కవాళ్లే అడుగుతారు. గీత లేకపోతే అడిగే ఆధారం ఎవరికీ ఉండదు.

దీపాల సంగతికొస్తే, అంగడిలో వెలుతురు ఉందా లేదా అన్నది చాలదు, అది ఎక్కడ పడుతోందో చూడాలి. స్టూడియోలో పనిచేసే లైట్‌మ్యాన్‌ను అడిగితే ఈ సంగతి ఒక్క మాటలో చెబుతాడు: వెనక నుంచి లైటు కొడితే మనిషి ఆకారమే కనపడుతుంది, ముఖం కనపడదు. వారపు అంగళ్లలో జరిగేది సరిగ్గా అదే. గుడారపు కర్రకు కంటి ఎత్తున వేలాడే బల్బు కూరగాయల మీద తెల్లగా కొడుతుంది. దాన్ని చూసిన కంటికి వెనక దారి మరింత చీకటిగా తోస్తుంది. వంకాయలు మెరుస్తుంటాయి. కొనేవాళ్ల వెనక నిలబడిన మనిషి ముఖం మాత్రం అమ్మే ఆమెకు మసకగానే ఉంటుంది. బల్బును తలకన్నా బాగా పైకి ఎత్తి, పైన చిన్న రేకు మూత వేసి, వెలుతురు కిందికీ దారి వైపుకీ పడేలా తిప్పితే అదే కరెంటుతో దారంతా కనపడుతుంది. సుమారు 10 మీటర్ల దూరంలో ఉన్న మనిషి ముఖాన్ని గుర్తుపట్టగలిగితే ఆ వెలుతురు సరిపోతుందని ఈ రంగంలో ఒక మోటు కొలత ఉంది. వీధి దీపాలు మెరుగైన చోట నేరాలు సుమారు 20 శాతం తగ్గాయని బ్రాండన్ వెల్ష్, డేవిడ్ ఫారింగ్టన్ అనేక అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు.

ఎండకూ వానకూ కట్టే పరదాలు ఈ వెలుతురుకు పెద్ద అడ్డు. నాలుగు వైపులా తాళ్లతో కిందికి లాగి కట్టిన టార్పాలిన్ వీధి దీపాన్ని ఆపుతుంది, మేడ మీది కిటికీలోంచి చూసేవాళ్ల చూపును ఆపుతుంది, స్తంభానికి బిగించిన కెమెరానూ గుడ్డిదాన్ని చేస్తుంది. చెట్ల విషయంలో సెప్టెడ్ చెప్పే ఒక నియమం ఇక్కడా పనికొస్తుంది: పొదలు మూడడుగులకు మించకూడదు, కొమ్మలు ఏడడుగుల కిందికి దిగకూడదు, మధ్యలో చూపు సాగాలి. పరదా అంచు ఏడడుగుల పైన, సరుకు నడుము ఎత్తు లోపల ఉంటే అంగడి ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క చూపులో అందుతుంది.

నడుము ఎత్తు అనడానికి ఇంకో కారణం ఉంది. నేల మీద గోనెసంచి పరిచి సరుకు పోసినప్పుడు కొనేవాళ్లు నడుం వంచక తప్పదు. వంగగానే చొక్కా జేబు ముందుకు వేలాడుతుంది, భుజాన ఉన్న బ్యాగు వీపు మీదికి జారుతుంది, కళ్లు బెండకాయల మీద ఉంటాయి. అమ్మే ఆమె కింద కూర్చుని ఉంటుంది కాబట్టి ఎదుట ఉన్న మనిషి మోకాళ్లు దాటి వెనక ఏం జరుగుతోందో చూడలేదు. అదే సరుకు రెండున్నర అడుగుల గద్దె మీద ఉంటే కొనేవాళ్లు నిలబడే ఏరుకుంటారు, సంచి ముందు వైపే ఉంటుంది, అమ్మే మనిషీ నిలబడి లేదా ఎత్తు పీట మీద కూర్చుని ఎదుటివాళ్ల భుజాల మీదుగా దారిని చూస్తుంటుంది. గద్దె పక్కన సంచి తగిలించుకోవడానికి ఒక కొక్కెం ఉంటే ఇంకా మంచిది. డబ్బు తీసేటప్పుడు సంచి కింద పెట్టక్కర్లేదు.

గద్దెలు, వరసలు, గేటు, లోపల ఎవరెవరున్నారో తెలిసిన అధికారి – ఇవన్నీ ఉన్న అంగడి నమూనా తెలుగువాళ్లకు పాతికేళ్లుగా పరిచయమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రైతుబజార్లను మొదలుపెట్టింది. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలన్నదే వాటి ఉద్దేశం, నేర నివారణ మాటే ఎవరూ అనుకోలేదు. అయినా గుర్తింపు కార్డున్న రైతులకే చోటు ఇవ్వడం, ధరల బోర్డు పెట్టడం, ఎస్టేట్ ఆఫీసరు అక్కడే ఉండటం భద్రతకు కూడా కలిసొచ్చాయి. కార్డు లేని కొత్త ముఖం గద్దె వెనక కనపడితే పక్క రైతే ఎవరని అడుగుతాడు. లోపలికీ బయటికీ తెలిసిన దారులే ఉంటే దొంగ పారిపోయే దారులు తగ్గుతాయి. అయితే గేటు ఒకటే ఉండి, దాని ముందే ఆటోలు, తోపుడు బండ్లు, స్కూటర్లు ఆగితే లోపల తీసేసిన ఇరుకు మొత్తం గేటు దగ్గర పోగవుతుంది. లోపలికొకటి, బయటికొకటి, ఆటోలకు కాస్త ఎడంగా ఒక చోటు ఏర్పాటు చేయకుండా ప్రహరీ ఎంత ఎత్తు కట్టినా ప్రయోజనం తక్కువ.

హైదరాబాద్‌లో ఇంకా పాత పాఠం మొజంజాహీ మార్కెట్. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని తీర్చిదిద్దడానికి 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హయాంలోనే దీని ఆలోచన పుట్టింది. 1935లో పూర్తయిన ఈ గ్రానైటు కట్టడానికి ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. రోడ్ల కూడలిలో గడియార స్తంభం, దానికి రెండు పక్కలా చాచిన చేతుల్లా దుకాణాల వరసలు, మధ్యలో తెరిపి ఉన్న ఆవరణ. ఆవరణలో నిలబడిన మనిషి చుట్టూ ఉన్న దుకాణదారులందరికీ కనపడతాడు, కమానుల్లోంచి రోడ్డుకూ కనపడతాడు. సెప్టెడ్ అనే పేరు పుట్టడానికి మూడున్నర దశాబ్దాల ముందు కట్టినవాళ్లు ఎండనూ గాలినీ రద్దీనీ ఆలోచించి వేసిన నక్షా ఇది. కాలక్రమంలో రేకుల పందిళ్లు, వేలాడే వైర్లు, అడ్డంగా పెట్టిన బోర్డులు ఆ తెరిపిని మింగేశాయి. వాటిని తొలగించి, రాతిని శుభ్రం చేసి, దీపాలు అమర్చి 2020 ఆగస్టు 14న మళ్లీ ప్రారంభించారు. ఇప్పుడు సాయంత్రాలు అక్కడ కుటుంబాలు కూర్చుని ఐస్‌క్రీమ్ తింటుంటాయి. ఒక చోటు క్షేమంగా ఉందనడానికి ఇంతకన్నా నమ్మదగిన గుర్తు లేదు.

రద్దీ అంగళ్లకు దొంగల భయం ఒక్కటే కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు కట్టిన బాంబులు పేలి పద్దెనిమిది మంది చనిపోయారు. జనం గుమిగూడే టిఫిన్ సెంటరు పక్కన, బస్టాపు దగ్గర ఎవరిదో తెలియని సైకిల్ నిలబడి ఉండటం ఎవరికీ వింతగా తోచలేదు. ఎందుకంటే అక్కడ ఎప్పుడూ ఎవరివో సైకిళ్లు నిలబడే ఉంటాయి. వాహనాలకు వేరే చోటు కేటాయించి, నడిచే దారిలో ఏ బండీ నిలవకుండా బొల్లార్డులు పాతితేనే నిలిచిన బండి కంటికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి రాయి పరిచిన పాదచారుల పథకం ఉద్దేశం వేరే అయినా, ఈ మేలు కూడా చేస్తుంది.

ఆ పేలుళ్ల ఏడాదే ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది లేదా రోజుకు ఐదు వందల మంది వచ్చే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను 30 రోజులు దాచాలని అది చెబుతుంది. జూబ్లీహిల్స్ షోరూములకూ మాల్స్‌కూ ఇది వర్తించింది. రోడ్డు మీద వెలిసే అంగడికి యజమాని లేడు, కాబట్టి కెమెరా పెట్టాల్సింది ఎవరో తేలదు. పక్కనే బంజారాహిల్స్ రోడ్డు నంబర్ 12లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్ నగరం నలుమూలల కెమెరాలను చూడగలదు. నేరం జరిగాక మనిషిని పట్టుకోవడానికి కెమెరా గొప్ప సాయం, అందులో అనుమానం లేదు. జరగకుండా ఆపడంలో దాని బలం పరిమితం. నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి 2019లో చేసిన సమీక్షలో కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతమే తగ్గినట్టు తేలింది. అందులోనూ ఎక్కువ మేలు కనిపించింది వాహనాలు నిలిపే చోట్లలో. పరదాల కింద, భుజాల మధ్య, అరచేతిలో జరిగే దొంగతనాన్ని ఇరవై అడుగుల పైనున్న కెమెరా చూడలేదు. డబ్బు ఒక్కదానికే సరిపోతే కెమెరా కన్నా ముందు దీపం కొనడం మంచిది.

అంగడికి అసలు కాపలాదార్లు అమ్మేవాళ్లే. వారం వారం ఒకే చోట కూర్చునే మనిషికి తన చుట్టూ పది గజాల మేర అలవాటైన ముఖాలు, కదలికలు తెలుసు. ఏమీ కొనకుండా మూడోసారి తిరుగుతున్న కుర్రాణ్ని, వానా ఎండా లేకపోయినా ముంజేతి మీద తువ్వాలు వేసుకుని రద్దీలోకి దూరుతున్న మనిషిని మొదట గమనించేది ఆమే. "అమ్మా, ఫోన్ జాగ్రత్త" అనే ఆమె కేక ఏ బోర్డు కన్నా బాగా పనిచేస్తుంది. ఆమెకు ఆ ధైర్యం రావాలంటే ఆ చోటు ఆమెదేనన్న నమ్మకం ఉండాలి. ఈ రోజు ఇక్కడ, రేపు ఎక్కడో తెలియని మనిషి దొంగతో వైరం పెట్టుకోదు. భద్రత పేరుతో, ట్రాఫిక్ పేరుతో బండ్లను ఎత్తేయడం అందుకే బెడిసికొడుతుంది. బండ్లు పోయిన రోడ్డు రాత్రి ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. జూబ్లీహిల్స్ లోపలి రోడ్లలో రెండు పక్కలా పదడుగుల గోడలు, ఒక్క తలుపూ రోడ్డు వైపు తెరుచుకుని ఉండదు. గొలుసు తెంచుకుని బైకు మీద పోయేవాణ్ని చూసే కళ్లుండవు. అర్ధరాత్రి దాకా ఇడ్లీ బండ్లుండే కృష్ణానగర్ సందులో ఒంటరి ఆడమనిషి కేక వేస్తే నలుగురైనా తిరిగి చూస్తారు.

డబ్బు చేతులు మారే తీరు మారడంతో నేరం రూపం కూడా కొంత మారింది. కొత్తిమీర కట్టకు కూడా ఫోన్‌తో చెల్లిస్తున్నారు కాబట్టి గల్లాపెట్టెలో నగదు తగ్గింది, కొనేవాళ్ల చేతిలో ఫోన్ మాత్రం ఎప్పుడూ బయటే ఉంటోంది. అమ్మేవాళ్ల క్యూఆర్ కోడ్ మీద తమ కోడ్ అంటించి డబ్బు మళ్లించే మోసాలు వచ్చాయి. కోడ్‌ను బండి బయటి వైపు కాకుండా తక్కెడ పక్కన, అమ్మే మనిషి కళ్లెదుట పెట్టడం, డబ్బు జమ కాగానే పైకి చెప్పే సౌండ్‌బాక్స్ వాడటం దీనికి చాలు. పోయిన ఫోన్‌ను ఐఎంఈఐ నంబరుతో పనిచేయకుండా ఆపే కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్ 2023 నుంచి తెలంగాణలో అందుబాటులో ఉంది. కాజేసిన ఫోన్‌కు ధర పలకకపోతే కాజేసే ఉత్సాహమూ తగ్గుతుంది.

ఒక అంగడిని చక్కదిద్దితే దొంగలు పక్క అంగడికి పోతారు కదా అన్న అనుమానం సహజం. 102 అధ్యయనాలను పరిశీలించి రాబ్ గెరెట్, కేట్ బవర్స్ 2009లో ప్రకటించిన ఫలితం ప్రకారం, అలా నేరం పక్కకు జరగడం నాలుగింట ఒక వంతు సందర్భాల్లోనే కనపడింది. దాదాపు అన్నే సందర్భాల్లో చుట్టుపక్కల కూడా నేరాలు తగ్గాయి. అలవాటైన చోటు పోతే ప్రతి దొంగా కొత్త చోటు వెతుక్కునేంత పట్టుదల చూపడు.

అంగడి ముగిశాక మిగిలే గంట గురించి ఎవరూ పట్టించుకోరు. కుళ్లిన ఆకులు, ఖాళీ క్రేట్లు, ఆరిపోయిన బల్బులు, సగం విప్పిన పందిళ్లు ఉన్న రోడ్డులో చివరగా సరుకు మూటకట్టుకునేది ఎక్కువగా ఒంటరి ఆడవాళ్లు. రోజంతటి అమ్మకం డబ్బు వాళ్ల కొంగులో ఉంటుంది. అద్దె బల్బులవాళ్లు తీగ చుట్టేసుకుని వెళ్లిపోయాక కూడా వెలిగే మున్సిపల్ దీపం ఒకటి, అందరూ ఒకేసారి లేచేలా ముగింపు వేళ ఒకటి, చెత్త బండి అప్పటికే వచ్చి నిలబడే ఏర్పాటు ఒకటి ఉంటే ఆ గంట ప్రమాదం చాలావరకు పోతుంది. తలుపుకు గడియ ఉండి, రద్దీకి ఎదురుగా తెరుచుకునే మరుగుదొడ్డి కూడా ఇందులో భాగమే. గోడ చాటున, చీకటి చివర కట్టిన మరుగుదొడ్డి వైపు ఆడవాళ్లు పోరు.

ఇవన్నీ నిర్ణయించడానికి చట్టబద్ధమైన వేదిక ఇప్పటికే ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు కావాలి, ఆ ప్రతినిధుల్లో మూడో వంతు మహిళలుండాలి. మున్సిపాలిటీ, ట్రాఫిక్ పోలీసులు, పోలీసులు కూడా అదే బల్ల దగ్గర కూర్చుంటారు. ఏ రోడ్డులో ఎందరికి చోటు, ఏ వేళల్లో, ఎవరికి ధ్రువపత్రం అన్నవి అక్కడ తేలే విషయాలు. చోటు కొలతలు రాసేటప్పుడే దారికి పదడుగులు, పరదాకు ఏడడుగులు, దీపం ఏ స్తంభానికి, ఆటోలు ఏ మలుపు అవతల అన్నవి కూడా ఆ నక్షాలో చేర్చితే వేరే బడ్జెట్ పెద్దగా అక్కర్లేదు. నక్షా ఖాయం చేసే ముందు ఆ అంగడిలో ఏయే చోట్ల ఫోన్లు, గొలుసులు పోయాయో స్థానిక పోలీస్ స్టేషన్ ఫిర్యాదుల నుంచి గుర్తులు పెట్టించాలి. ఆ గుర్తులు గుంపుగా పడిన మూలకు సాయంత్రం ఏడింటికి ఒకసారి, అంగడి ముగిసే వేళ మరోసారి కమిటీ సభ్యులు నడిచి వెళ్లి చూడాలి. పగలు పదకొండింటికి చేసే తనిఖీలో ఆ మూలలో ఏమీ కనపడదు.